చిత్రిక పొర మందమెంత?

ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించడం ఒకరిద్దరి వల్ల అయ్యేది కాదు. ఎండలు ముదిరాక, పొలం పనులు తెరిపిచ్చిన రోజు చూసుకుని, వడ్రంగి కొట్టం ముందున్న ఖాళీ జాగాలో పట్టాను నేలమీద పరిచి, చుట్టూ పిడకలు పేర్చి నిప్పు పెట్టేవారు. కమ్మరి పట్టా రంగు చూస్తూ నిలబడేవాడు. వడ్రంగి చక్రాన్ని కదలకుండా చదునుగా అమర్చి ఉంచేవాడు. పొడుగాటి పట్టకార్లతో కొందరు, నీళ్ళ బిందెలతో కొందరు సిద్ధంగా ఉండేవారు. కమ్మరి సైగ చేయగానే ఎర్రగా కాగిన పట్టాను నాలుగు వైపుల నుంచి ఎత్తి చక్రం మీదికి దించి, సమ్మెటలతో సర్ది, కొయ్య అంటుకునేలోపు బిందెలకు బిందెలు నీళ్ళు పోసేవారు. ఆ ఆవిరిలోంచి కీళ్ళు బిగుసుకుంటున్న కిర్రుమనే చప్పుడు వచ్చేది.

గుంటూరు, ప్రకాశం మెట్ట ఊళ్ళలో, పత్తి, మిరప, పొగాకు పండే మార్టూరు చుట్టుపక్కల నల్లరేగళ్ళలో, ముందు డన్‌లప్ బండ్లూ తర్వాత ట్రాక్టర్లూ వచ్చేదాకా ఇది వేసవిలో మామూలు దృశ్యం. చేతి పనిముట్లంటే ఇష్టపడేవాళ్ళు ఒకచోట చేరి ఒకరి పని ఒకరు చూసి నేర్చుకునే సంబరాలు ఇప్పుడు చాలా దేశాల్లో జరుగుతున్నాయి. వాటి కోసం టిక్కెట్లు కొనుక్కుని విమానాలెక్కి వెళ్ళేవాళ్ళున్నారు. మన దగ్గర ఆ కూడిక సేద్యం పనుల్లోనే కలిసి ఉండేది. కొట్టంలో కూర్చున్న రైతుకి కొయ్య గురించి తెలుసు, వడ్రంగికి దుక్కి గురించి తెలుసు, పక్కనే ఉన్న కొలిమి కమ్మరికి ఇద్దరి అవసరమూ తెలుసు. వాళ్ళు మాటల్లో పెట్టకపోయినా, అక్కడ నడిచిందంతా మనం బళ్ళో చదువుకునే భౌతికశాస్త్రమే. దాన్ని విప్పి చూస్తే ఆ పనుల మీద గౌరవం పెరుగుతుంది, మళ్ళీ నేర్చుకోవడానికి దారీ దొరుకుతుంది.

పట్టా సంగతే చూడండి. ఇనుము ఒక సెల్సియస్ డిగ్రీ వేడెక్కితే ప్రతి మీటరు పొడవుకూ సుమారు 12 మైక్రాన్లు సాగుతుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. వినడానికి లెక్కలోకి రానంత చిన్నది. కానీ 5 అడుగుల చక్రం చుట్టుకొలత 4.8 మీటర్ల దాకా ఉంటుంది. పట్టా 400 డిగ్రీలు వేడెక్కితే ఆ చుట్టుకొలతలో 23 మిల్లీమీటర్లు సాగుతుంది. చల్లగా ఉన్నప్పుడు చక్రం మీదికి ఎక్కనే ఎక్కని పట్టా, కాగినప్పుడు సులువుగా జారి కూర్చునేది ఇందుకే. నీళ్ళు పడగానే అది తన పాత కొలతకు రావాలని చూస్తుంది, లోపలున్న కొయ్య రానివ్వదు. ఆ పెనుగులాటలో పట్టాలో టన్నుల కొద్దీ బిగువు పుడుతుంది.

ఆ బిగువే చక్రానికి ప్రాణం. మధ్యలో కుండ, దాంట్లోంచి బయటికి వచ్చే ఆకులు, ఆకుల కొసలను కలుపుతూ చుట్టూ పూటీలు. పన్నెండు ఆకుల చక్రానికి ఆరు పూటీలు, ఒక్కో పూటీలో రెండేసి ఆకులు. ఆకు కొసను సన్నగా చెక్కిన కుసి పూటీ బెజ్జంలోకి దిగుతుంది. మేకు లేదు, జిగురు లేదు. పట్టా నలువైపుల నుంచీ ఒకేసారి లోపలికి నొక్కుతుంటే ప్రతి కుసీ తన బెజ్జంలో ఇంకా లోతుకు దిగి కూర్చుంటుంది. కుసి కొలత ఒక నూలు ఎక్కువైతే పూటీ చీలుతుంది, తక్కువైతే ఆరు నెలల్లో చక్రం కదలబారుతుంది. ఆ కొలత వడ్రంగి కంట్లో, వేళ్ళలో ఉండేది.

పట్టా ఎక్కించడానికి ఎండాకాలాన్నే ఎంచుకోవడంలోనూ అంతే లోతైన కారణం ఉంది. రైతులు పనుల్లేక ఖాళీగా ఉండటం ఒక సౌకర్యం మాత్రమే. అసలు సంగతి కొయ్యలోని తేమ.

చెట్టు కొట్టినప్పుడు దాని కణాల బోలు గదుల్లో నీళ్ళుంటాయి, కణాల గోడల్లోనూ నీళ్ళుంటాయి. ఆరడం మొదలయ్యాక ముందు గదుల్లోని నీళ్ళు పోతాయి. అప్పటిదాకా కొయ్య కొలత మారదు, బరువు మాత్రమే తగ్గుతుంది. పొడి కొయ్య బరువుతో పోల్చి తేమ సుమారు 30 శాతానికి దిగాక గోడల్లోని నీళ్ళు పోవడం మొదలవుతుంది. ముడుచుకోవడం కూడా అక్కడే మొదలవుతుంది. రేగడి చేను వానకు ఉబ్బి ఎండకు బీటలు వారడం చూసి పెరిగిన మనవాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. రేగడిలో మట్టి రేకుల మధ్య నీళ్ళు చేరినట్టే, కొయ్యలో సెల్యులోజు పోగుల మధ్య నీళ్ళు చేరి వాటిని ఎడంగా నెడతాయి.

అయితే కొయ్య అన్ని వైపులా ఒకేలా ముడుచుకోదు. నిలువునా దాదాపు ముడుచుకోదనే చెప్పాలి, వెయ్యికి ఒకటో రెండో వంతులు. చెట్టు నడిబొడ్డు నుంచి బెరడు వైపు పోయే దిశలో కొంత ముడుచుకుంటుంది. వలయాల చుట్టువెంట దానికి సుమారు రెట్టింపు. ఈ తేడా వల్లనే గుండ్రటి దుంగ ఎండలో పడి ఉంటే బెరడు నుంచి నడిబొడ్డుకు బీట పడుతుంది. దుంగను నాలుగు పాయలుగా చీల్చి ఆరబెట్టే అలవాటు ఆ బీటను తప్పించడానికే.

వేసవిలో వడగాడ్పులు వీచినప్పుడు గాలిలో తేమ 30 శాతానికి పడిపోతే, నీడలో ఉన్న కొయ్య తేమ 6 శాతం దగ్గర స్థిరపడుతుంది. ముసురు రోజుల్లో గాలి తేమ 80 శాతం ఉంటే కొయ్య 16 శాతానికి ఎగబాకుతుంది. ఈ పది శాతం తేడాకు అడుగు వెడల్పున్న టేకు పలక, దుంగలోంచి కోసిన తీరును బట్టి, అర సెంటీమీటరు దాకా వెడల్పవుతుంది. వానాకాలంలో తలుపు బిగుసుకోని, దాన్ని భుజంతో నెట్టాల్సిన పని రాని ఇల్లు మన వైపు లేదు. పాతకాలపు తలుపు చేసిన వడ్రంగికి ఈ లెక్క తెలుసు. అందుకే చట్రానికి లోపలి అంచున గాడి తీసి, పలకను ఆ గాడిలో వదులుగా కూర్చోబెట్టి వదిలేశాడు. పలకకు మేకు కొట్టలేదు, జిగురు పెట్టలేదు. అది చట్రంలోపల ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది, చట్రం మాత్రం నిలకడగా ఉంటుంది. ఇవాళ కొత్తగా చేయించుకున్న తలుపుల్లో పలకను జిగురుతో బిగించేస్తున్నారు. రెండు వేసవులు గడిచేసరికి నడిమధ్యలో చీలిక కనిపిస్తే కొయ్య మంచిది కాదని తిట్టుకుంటున్నారు. కొయ్య తన పని తాను చేసింది.

చక్రానికీ ఇదే న్యాయం. కొయ్య బాగా ఎండి, ముడుచుకోవలసినంతా ముడుచుకున్న రోజుల్లో పట్టా ఎక్కిస్తే, తర్వాత వచ్చే వానలకు కొయ్య ఉబ్బి పట్టు ఇంకా గట్టిపడుతుంది. తేమ మీద ఉన్నప్పుడు ఎక్కిస్తే మొదటి ఎండాకాలానికే పట్టా జారి దారిలో పడిపోతుంది. అప్పటికీ నాలుగేళ్ళు వాడిన చక్రం మండువేసవిలో వదులైతే బండిని చెరువులోకి తోలి చక్రాలు నానేదాకా నిలబెట్టేవారు. ఎడ్లకు నీళ్ళు, చక్రాలకు నీళ్ళు ఒకేసారి అయ్యేవి.

ఈ కొట్టాల్లో తయారైన వాటిలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించేది గొర్రు. పైన కొయ్యను తొలిచి చేసిన చిన్న గిన్నె, దాన్నే జడ్డిగం అంటారు. దాని అడుగున బెజ్జాలు, ఒక్కో బెజ్జం నుంచి ఒక్కో వెదురు గొట్టం, గొట్టాల కొసలు గొర్రు పళ్ళ వెనక. ఎడ్లు గొర్రును లాగుతుంటే వెనక నడిచే మనిషి, చాలాసార్లు ఆడమనిషి, పిడికిట్లోంచి గింజలను జడ్డిగంలోకి ఒక లయలో వదులుతుంది. అన్ని సాళ్ళలో ఒకేసారి, ఒకే లోతున, ఒకే ఎడంలో విత్తనం పడుతుంది. ఐరోపాలో వరసల్లో విత్తే యంత్రాన్ని సరికొత్త ఆవిష్కరణగా చెప్పుకుంటున్న కాలంలో, 1795లో, థామస్ హాల్కట్ అనే ఆంగ్లేయ కెప్టెన్ దక్షిణ భారతంలో రైతులు తరతరాలుగా ఇలాంటి గొర్రుతో విత్తుతున్నారని చూసి ఆశ్చర్యపోయి వివరంగా రాశాడు. ధరంపాల్ 1971లో ప్రచురించిన 18వ శతాబ్దపు భారతీయ శాస్త్ర సాంకేతికాల సంకలనంలో ఆ వ్యాసం ఉంది. ఆ యంత్రాన్ని చేసింది బాడిస, ఉలి, బరమా, రంపం. జడ్డిగం బెజ్జాలన్నీ ఒకే వాలులో లేకపోతే ఒక సాలుకు గింజలెక్కువ, ఇంకో సాలుకు తక్కువ. తేడా ఎక్కడుందో మొలక వచ్చాక చేనంతా చూపించేస్తుంది. ఊరందరి కళ్ళముందూ పరీక్షకు నిలబడే పనితనం అది.

అంత సున్నితమైన పని చేతి పనిముట్టుతో ఎలా అవుతుంది? దీనికి జవాబు పదునులో ఉంది, పదునును లెక్క కట్టి చూడవచ్చు. అంగుళం వెడల్పు ఉలి తీసుకోండి. దాన్ని బాగా నూరితే అంచు మందం ఒక మైక్రానుకు వస్తుంది. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుందని గుర్తుంచుకుంటే ఆ అంచు ఎంత సన్ననిదో తెలుస్తుంది. ఆ ఉలిని పది కిలోల బలంతో నొక్కితే, ఆ బలమంతా ఒక చదరపు మిల్లీమీటరులో నలభయ్యో వంతు జాగా మీద పడుతుంది. అంటే చదరపు మిల్లీమీటరుకు 400 కిలోల ఒత్తిడి. అదే ఉలి మొద్దుబారి అంచు మిల్లీమీటరులో పదోవంతుకు గుండ్రబడిందనుకోండి. చేతి బలం అంతే, ఒత్తిడి మాత్రం చదరపు మిల్లీమీటరుకు 4 కిలోలకు పడిపోతుంది. ఎండిన టేకు నార వెంట నలగడానికే దాదాపు 5 కిలోలు కావాలి. మొద్దు ఉలి కొయ్యను కొయ్యలేదు, నలపడానికి కూడా చాలదు. అప్పుడు మనిషి ఒంటి బరువంతా వేసి నెడతాడు. ఉలి జారుతుంది, చెయ్యి తెగుతుంది. పదునైన పనిముట్టు కంటే మొద్దు పనిముట్టే ప్రమాదమని పెద్ద వడ్రంగులు పిల్లలకు మొదటి రోజే చెప్పేది ఇందుకే.

మనిషి రోజంతా నిలకడగా చేయగలిగిన పని 75 వాట్ల దగ్గర ఉంటుంది. వెయ్యి వాట్ల మోటారు మొద్దు బ్లేడుతోనైనా కొయ్యను కాల్చుకుంటూ చీల్చుకుంటూ పోతుంది. 75 వాట్ల మనిషికి ఆ అవకాశం లేదు. కాబట్టి చేతిపనిలో తెలివంతా బలాన్ని ఎక్కడ పెట్టాలన్న దాని చుట్టూనే పెరిగింది.

కొయ్యలో బలం నార వెంట ఉంటుంది. నారను తెంపడానికి కావలసిన బలంలో పదో వంతో ఇరవయ్యో వంతో చాలు, నారను నారనుంచి విడదీయడానికి. కాబట్టి బ్లేడు కొయ్యలోకి దిగినప్పుడు ఏం జరుగుతుందన్నది బ్లేడు ఒక్కటే నిర్ణయించదు, నార ఎటు వాలి ఉందో అది నిర్ణయిస్తుంది. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన నార్మన్ ఫ్రాంజ్ 1958లో కొయ్య కోత మీద చేసిన విశ్లేషణలో పొర లేచే తీరును మూడు రకాలుగా విడదీశాడు. మొదటిదాంట్లో, బ్లేడు కంటే ముందే కొయ్యలో చీలిక పరుగెత్తుతుంది, పొర కొంత దూరం లేచాక వంగి విరుగుతుంది. రెండోదాంట్లో చీలిక పరుగెత్తదు, బ్లేడు అంచు దగ్గరే పొర తెగుతూ ఒకే నిడివిన చుట్టలు చుట్టుకుంటూ వస్తుంది. మూడోదాంట్లో అంచు ముందు కొయ్య నలిగి పొడిపొడి అవుతుంది.

చిత్రిక పట్టేవాడికి కావలసింది రెండోది. ఎదురు వాటంలో, అంటే నార వాలుకు ఎదురుగా, చిత్రిక తోస్తే మొదటి రకం చీలిక కొయ్య లోపలికి దిగబడిపోతుంది, నున్నగా రావలసిన చోట గుంట పడుతుంది. దాన్ని ఆపడానికి చిత్రిక ఉలి మీద ఇంకో మొద్దు రేకు బిగిస్తారు. దాని కొస ఉలి అంచుకు చాలా దగ్గరగా ఉంటే, లేచిన పొరను వెంటనే నిటారుగా వంచేస్తుంది. చీలిక ముందుకు పరుగెత్తడానికి పొరలో బిగువు మిగలదు. ఎంత దగ్గరగా అన్నది జపాన్‌లో యమగాత విశ్వవిద్యాలయ పరిశోధకులు కాటో, కవాయ్ సూక్ష్మదర్శిని కింద వీడియో తీసి చూపించారు. మిల్లీమీటరులో ఒకటి రెండు పదోవంతులు. అంత దగ్గరగా పెట్టగలిగితే ఎదురు వాటంలో కూడా నున్నగా వస్తుంది. తుమ్మ, వేప లాంటి మెలికల నార కొయ్యలకు ఇది మనకెంతో అవసరం.

మార్టూరు వైపు వడ్రంగి పనికి పాతకాలం నుంచి వాడుకలో ఉన్నది నల్లతుమ్మ. చేవదేరిన తుమ్మ రాయంత బరువు, రేగట్లో తడిసినా చెదలు పట్టినా అంత తొందరగా లొంగదు. నాగలికీ, గుంటకకూ, బండి కుండకూ అదే. ఇప్పుడు మంచి తుమ్మ దొరకడం కష్టమైంది. పొగాకు బ్యారన్ల పొయ్యిల్లోకి పోయిన కొయ్య ఎంతో లెక్క లేదు. చేవదేరడానికి ఇరవై ముప్పయ్యేళ్ళు పట్టిన మొద్దు ఒక్క రాత్రిలో ఆకును ఎండబెట్టి బూడిదైపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

పదును నిలవాలంటే ఉక్కు మంచిదై ఉండాలి. ఈ విషయంలో తెలుగు నేలకున్న చరిత్ర చిన్నది కాదు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. దాంట్లో కర్బనం ఒకటి నుంచి రెండు శాతం మధ్య ఉండేది. బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయనాల సంస్థ, ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి 2010లో ఉత్తర తెలంగాణ ఊళ్ళలో ఆ పాత కొలిముల ఆనవాళ్ళు వెతికి నమోదు చేశాయి.

మార్టూరు గుండా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద లారీలకు కొదవలేదు. వాటి పాత కమాను పట్టీలే ఇవాళ చుట్టుపక్కల కమ్మర్లకు ముడిసరుకు. ఈ ఉక్కులో కర్బనం అర శాతం పైన ఉంటుంది. గొప్ప ఉలికి ఇది తక్కువే గానీ, దెబ్బలు తినే బాడిసకు, గొడ్డలికి చక్కగా సరిపోతుంది. కమ్మరి దాన్ని కొలిమిలో నారింజ ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్ళలో ముంచుతాడు. ఆ వేడిలో కర్బనం పరమాణువులు ఇనుప పరమాణువుల మధ్య కరిగి ఉంటాయి, హఠాత్తుగా చల్లబరిస్తే బయటికి పోయే వ్యవధి లేక లోపలే ఇరుక్కుపోతాయి. ఉక్కు గాజంత గట్టిపడుతుంది, గాజంత పెళుసూ అవుతుంది. కింద పడితే విరుగుతుంది. అందుకని అంచును రాతి మీద తెల్లగా రుద్ది, మళ్ళీ నెమ్మదిగా వేడి చేస్తాడు. తెల్లటి ఉక్కు మీద ముందు లేత గడ్డిరంగు, తర్వాత ముదురు గోధుమరంగు, ఊదా, చివరికి నీలం వరసగా నడుచుకుంటూ వస్తాయి. 220 డిగ్రీల చుట్టూ గడ్డిరంగు, 300కు నీలం. ఉక్కు మీద ఏర్పడే పలచటి ఆక్సైడు పొర మందం పెరిగే కొద్దీ దాని పై నుంచీ అడుగు నుంచీ తిరిగొచ్చే కాంతి కలిసి ఒక్కో రంగును చంపి ఒక్కో రంగును మిగులుస్తుంది. ఉలికి గడ్డిరంగు దగ్గర ఆపాలి, బాడిసకు ఇంకాస్త ముందుకు పోనివ్వాలి. థర్మామీటరు అక్కర్లేని ఉష్ణమాపకం ఇది. కొలిమిని చీకటి గదిలో పెట్టుకోవడానికి కారణం ఇదే, ఎండలో ఎరుపు రంగు కంటికి తప్పు చెబుతుంది.

బాడిస దగ్గర కాసేపు ఆగాలి. మన వడ్రంగి పనిముట్లన్నిటిలోకీ ఇది పెద్ద దిక్కు. పిడికి అడ్డంగా నిలిచే వెడల్పు బ్లేడు, మూరకు మించని పిడి. వడ్రంగి నేలమీద గొంతుకూర్చుని కొయ్యను పాదాలతో నొక్కి పట్టుకుంటాడు. భుజం పెద్దగా కదలదు, మోచెయ్యి కీలుగా మణికట్టు తిరుగుతుంది. ముందు కొయ్య పొడవునా నాలుగేసి వేళ్ళ ఎడంలో అడ్డంగా గాట్లు పెడతాడు. తర్వాత ఆ గాట్ల మధ్య ఉన్న దాన్ని నిలువుగా చెక్కి లేపుతాడు. ముందు గాట్లు ఎందుకంటే, బ్లేడు ముందు పరుగెత్తే చీలికకు అక్కడ అడ్డుకట్ట పడుతుంది. నార తెగిపోయిన చోటు దాటి చీలిక పోదు. ఫ్రాంజ్ మొదటి రకం పొరను మన వడ్రంగి ఇలా తన పనికి వాడుకుంటున్నాడు. చీలిక సాయంతో తక్కువ బలంతో ఎక్కువ కొయ్య లేపుతాడు, గాటుతో దాన్ని అదుపులో పెడతాడు. కొండపల్లిలో తెల్లపొణికి కొయ్య మీద బొమ్మ రూపం తీయడానికీ, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను వీణగా తొలచడానికీ కూడా మోటు పని చేసిపెట్టేది ఈ కుటుంబపు పనిముట్లే.

బరమా అంతకంటే పాతది. విల్లు తాడును కుదురుకు చుట్టి ముందుకూ వెనక్కీ లాగితే కొయ్యలోకి బెజ్జం పడుతుంది. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో దొరికిన 7,500 నుంచి 9,000 ఏళ్ళ నాటి మనుషుల పళ్ళకు చెకుముకి మొనతో బెజ్జాలు వేసి ఉన్నాయని 2006లో నేచర్ పత్రికలో శాస్త్రవేత్తలు ప్రకటించారు. విల్లు బరమాతో అలాంటి బెజ్జం నిమిషం లోపే వేయవచ్చని చేసి చూపించారు.

ఈ తెలివంతా పుస్తకంలో పెడితే ఎందుకు చాలదు? పెట్టి చూడవచ్చు, నేనూ ఇక్కడ కొంత పెట్టాను. కానీ ఉలిని రాతి మీద 25 డిగ్రీల వాలులో నిలిపి నూరమని రాయడం వేరు, ఆ వాలు మణికట్టుకు తెలియడం వేరు. శాస్త్రవేత్త, తత్వవేత్త మైకేల్ పొలాన్యీ 1966లో రాసిన పుస్తకంలో వాదించింది ఇదే, మనిషికి తెలిసినదంతా మాటల్లోకి రాదని. కండరాల్లో, కీళ్ళలో ఉండే నాడులు చెయ్యి ఎక్కడుందో, ఎంత బలం పడుతోందో మెదడుకు నిరంతరం చెబుతుంటాయి. ఆ సమాచారాన్ని సరిచేసుకోవడానికి పక్కన ఒకరు ఉండాలి. కొట్టంలో అది ఇలా జరిగేది. కుర్రాడు చిత్రిక తోస్తుంటాడు, పెద్దాయన వీపు తిప్పి ఇంకేదో చేసుకుంటుంటాడు.

“ఏరా, అది ఎదురు వాటం. చప్పుడు వినపడట్లా?”

“ఎటు తిప్పమంటావు బాబాయ్?”

“కొయ్య తిప్పి పట్టు. బరబరా అంటే చీలుతున్నట్టు, సుయ్‌మంటే తెగుతున్నట్టు.”

చూడకుండానే చెప్పగలగడం మంత్రమేమీ కాదు. మొదటి రకం పొర విరిగినప్పుడల్లా ఒక చిన్న చప్పుడు వస్తుంది. వరసగా వస్తే అది బరబర. రెండో రకం పొరకు విరుగుడు లేదు, చప్పుడూ ఒకే తీరున సాగుతుంది. ఫ్రాంజ్ ఛాయాచిత్రాల్లో పట్టుకున్నది పెద్దాయన చెవితో పట్టుకున్నాడు. ఆ కుర్రాడు పక్కన లేకపోతే ఆ మాట పుట్టేదే కాదు, వాడికి చేరేదీ కాదు.

పక్కపక్కన నేర్చుకునే అలవాటు మన వైపు పూర్తిగా పోలేదు. శివరాత్రికి కోటప్పకొండకు ప్రభలు కట్టే ఊళ్ళలో అంత ఎత్తు ప్రభ నిటారుగా నిలబడేలా కొయ్యలు ఎలా పేర్చాలి, తాళ్ళు ఎక్కడ బిగించాలి అన్నది ఏటా పెద్దవాళ్ళ పక్కన నిలబడి కుర్రాళ్ళు నేర్చుకుంటూనే ఉన్నారు. ఎవరూ తరగతి పెట్టరు. పని ఉంది, పండగ ఉంది, అందరూ వస్తారు.

కొయ్య పనికీ అలాంటి కూడికను జపాన్ వడ్రంగులు 1997 నుంచి నడుపుతున్నారు. దాని పేరు కెజురోకాయ్. దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్ళు తమ చిత్రికలతో సైప్రస్ కుటుంబపు కొయ్య మీద పొరలు తీస్తారు, ఎవరి పొర పలచనో మైక్రోమీటరుతో కొలుస్తారు. గెలిచే పొరలు మూడు నాలుగు మైక్రాన్లకు దిగుతాయి. ఆ కొయ్య కణం ఒక్కటే సుమారు 30 మైక్రాన్ల వెడల్పు ఉంటుంది. అంటే వాళ్ళ బ్లేడు కణాల మధ్య నుంచి పోవడం లేదు, కణాల్నే పలచగా కోసుకుంటూ పోతోంది. అలా తీసిన ఉపరితలం ఏ మెరుగూ పూయకుండానే మెరుస్తుంది, నీటి చుక్క దాని మీద నిలుస్తుంది. ఎమిరీ కాగితంతో రుద్దిన కొయ్యలో కణాల గోడలు చినిగి, ధూళి రంధ్రాల్లో కూరుకుపోయి ఉంటుంది. అక్కడ ఆ మెరుపు రాదు.

ధూళి అనుకున్నప్పుడు ఇంకో మాట చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో కొయ్య ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటిలో చేర్చింది. ముఖ్యంగా ముక్కులో వచ్చే క్యాన్సర్. మూసిన షెడ్డులో గుడ్డ కూడా కట్టుకోకుండా రోజంతా మిషన్ రంపం దగ్గర నిలబడే మన కుర్రాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పడం లేదు. మిషన్లు వద్దనడం నా ఉద్దేశం కాదు, దుంగలు చీల్చడం మనుషుల నడుములు విరగ్గొట్టే చాకిరి, అది మిషనుకు పోవడమే మేలు. కానీ ఆఖరి నునుపు చిత్రికతో తీస్తే గాల్లోకి లేచేది పొర, ధూళి కాదు. అది చీపురుతో ఊడ్చేస్తే పోతుంది.

2023 సెప్టెంబరు 17న మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలో 18 చేతివృత్తులున్నాయి, వడ్రంగం వాటిలో ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల సాయం, కొద్దిరోజుల శిక్షణ దాంట్లో భాగం. పనిముట్టు వచ్చాక దాన్ని నూరడం ఎవరు నేర్పుతారన్నదే అసలు చిక్కు. కొత్త ఉలి కొట్లో కొన్నప్పుడు కొయ్యదు. దాని వెనక వైపును చదును చేసి, అంచును నూరి, రాతి మీద లేచిన సన్నటి పోగును తీస్తేనే అది ఉలి అవుతుంది.

ఆ పనికి మార్టూరు కంటే అనువైన ఊరు లేదని నేను నమ్ముతాను. రహదారి పక్కన వరసగా గ్రానైటు పాలిషింగ్ యూనిట్లున్నాయి. కొలతల ప్రయోగశాలల్లో చదునుకు ప్రమాణంగా వాడేది గ్రానైటు పలకనే, ఎందుకంటే అది తుప్పు పట్టదు, వేడికి పెద్దగా సాగదు, దెబ్బ తగిలితే ఉబ్బదు, చిట్లుతుంది. అమ్మకానికి పాలిష్ పట్టిన పలక ప్రయోగశాల పలకంత చదునుగా ఉండదు. ఉలి నూరడానికి అది చాలు. అడుగున్నర పొడుగు ముక్క తెచ్చుకుని, నీళ్ళు చల్లి, దాని మీద నీటి ఎమిరీ కాగితం పరచండి. ముందు గరుకుది, తర్వాత నున్ననిది, చివరికి 2000 నంబరుది. ఉలి వెనక వైపు మెరిసేదాకా రుద్దండి, తర్వాత అంచు వైపు. ఖరీదైన దిగుమతి రాళ్ళ అవసరం రాదు.

కొయ్యకు సుబాబుల్ ఉంది. కాగితం మిల్లుల కోసం ప్రకాశం, గుంటూరు మెట్టల్లో వేసిన తోటల్లోంచి ఒక దుంగ తెచ్చి, చీల్చి, ఆరబెట్టుకుంటే నేర్చుకునేవాళ్ళకు పాడుచేయడానికి కావలసినంత. టేకు ముక్కలు పట్టుకుంటే అంచు త్వరగా పోతుంది. దాని కణాల్లో ఇసుక పదార్థమైన సిలికా ఉంటుంది, అది ఉలిని నిమిష నిమిషానికీ అరగదీస్తుంది. వేప నార రెండు వైపులకూ మెలితిరిగి ఉంటుంది, ఎటు పట్టినా సగం ఎదురు వాటమే. ఆ రెండూ చెయ్యి కుదిరాక.

ఇక కొలతకు ఇంటర్ కాలేజీ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉండే స్క్రూగేజ్ చాలు. దాని కనీస కొలత 0.01 మిల్లీమీటరు, అంటే పది మైక్రాన్లు. జపాన్ వాళ్ళ మూడు మైక్రాన్లు దాంతో తేలవు గానీ, నేర్చుకునేవాడు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చాడో తేలుతుంది. ముందు సున్నా దోషం చూసుకోవాలి. మరను రాట్చెట్‌తోనే తిప్పాలి, వేళ్ళతో బిగిస్తే పొర నలిగి కొలత తప్పుతుంది. పొర మొదట్లో, నడుమ, చివర మూడు చోట్ల కొలవాలి. మూడూ ఒకటేగా ఉంటే చెయ్యి బరువు చిత్రిక పొడవునా సమంగా పడిందని అర్థం. చివర పలచబడితే ముందు చెయ్యి ఆలస్యంగా లేచింది. పక్కనున్న పెద్దాయన ఇదే లోపాన్ని స్క్రూగేజ్ లేకుండా చెబుతాడు, ఇద్దరి మాటా కలుస్తుందో లేదో చూడటమే ఆ రోజు పాఠం. ఇంటర్ పిల్లలు కొలిచేవాళ్ళుగా, వడ్రంగులు తీసేవాళ్ళుగా, కమ్మరి కమాను పట్టీ కాల్చి రంగులు చూపించేవాడుగా, ఏప్రిల్ చివర్లో మిరప కోతలు అయ్యాక ఒక ఆదివారం దీనికి చాలు. మొదటి పూట పొర 100 మైక్రాన్ల దగ్గర ఉంటే బాగున్నట్టే. సాయంత్రానికి 50కి వస్తే ఉలి బాగా నూరారన్నమాట. 30 దాటి కిందికి పోయిన చేతికి తుమ్మ ముక్క ఇవ్వవచ్చు.